రెండు తెల్ల పట్టీలు

నేను అక్కా అని పిలిచే మా తోడికోడలికి చర్చిలో పాఠాల పెద్దమ్మ అని పేరు. ఆ పేరు పెట్టింది నేనే. పదకొండేళ్లుగా ప్రతి ఆదివారం ఆవిడ పక్కన కూర్చుని ఆవిడ పాఠాలు విన్నదాన్ని, ఆమాత్రం హక్కు నాకుంది. ఇప్పుడు నేను చెప్పబోయేది మాత్రం ఒక వారం రోజుల భయం. తలుచుకుంటే ఇప్పటికీ నా అరచేతులకి చెమట పడుతుంది.

మా చర్చిలో ఒక అలవాటు ఉంది. ప్రసంగానికి ముందు ఎవరో ఒకరు లేచి, ఆ వారం ఇంట్లోనో పనిలోనో కంటబడ్డ చిన్న సంగతి ఒకటి చెప్పి, అందులో దేవుడు తమకేం నేర్పాడో ఐదు నిమిషాల్లో చెప్పాలి. మొదట్లో అందరూ వంతులు వేసుకున్నారు. తర్వాత ఒకరికి సిగ్గు, ఒకరికి తీరిక లేదు, ఇంకొకరికి ఆ వారం దేవుడు ఏమీ నేర్పలేదు. అన్ని వంతులూ వచ్చి మా అక్క మీద పడ్డాయి. ఆవిడకి అదేం బరువు కాదు. కుక్కర్ రబ్బరు వదులైతే పాఠం. సింకులో నీళ్లు నిలిచిపోతే పాఠం. చొక్కాకి మొదటి బొత్తం తప్పు పెట్టుకుంటే చివరిదాకా తప్పే అన్న ఒక్క ముక్కని ఐదు నిమిషాలూ సాగదీసింది. మా ఇంట్లో చీపురు విరిగినా ఆవిడ వచ్చేలోపు దాచేసేవాళ్లం, ఆదివారం నాడు మా పరువుతో సహా చర్చిలో ప్రత్యక్షమవుతుందని.

నేనూ విశ్వాసినే. ప్రార్థన మానను. కానీ ప్రతి గిన్నెలోనూ గరిటెలోనూ దేవుడి మాట వెతికే ఓపిక నాకు లేదు. గిన్నె తోమామా, బోర్లించామా, అంతే.

అక్క పనిచేసేది ఆస్పత్రిలో. సామాను శుద్ధి చేసే గది ఆవిడ చేతికింద ఉంది. ఆపరేషన్లకీ కాన్పులకీ వాడిన కత్తెరలు, పట్టకార్లు, గుడ్డలు ఒక కిటికీలోంచి మురికిగా లోపలికి వస్తాయి. వాటిని కడిగి, ఆరబెట్టి, సెట్లుగా గుడ్డలో చుట్టి, పైన టేపు వేసి, ఇనప బీరువా అంత ఉన్న ఆటోక్లేవులో పెట్టి ఆవిరి పట్టిస్తారు. శుద్ధి అయినవి అవతలి కిటికీలోంచి వార్డులకి పోతాయి. ఆ రెండు కిటికీల మధ్య ఆవిడ ముప్ఫై ఒక్కేళ్లు గడిపింది. రిటైరవడానికి ఇంకా పద్నాలుగు నెలలు ఉంది.

సెట్ మీద వేసే టేపుకి వేడి తగిలితే చాలు, గీతలు నల్లబడతాయి. అది బయటి సంగతి. ఆవిరి మూట నడిమధ్యకి చేరిందో లేదో తెలియాలంటే, మెషీనులో పెట్టే ప్రతి లోడులోనూ గుడ్డలు బిగించి కట్టిన పరీక్ష మూట ఒకటి పెడతారు. దాని పొట్టలో వేలెడు కాగితం పట్టీ ఉంటుంది. తెల్లగా వెళ్లిన పట్టీ నల్లగా తిరిగొస్తే ఆవిరి చేరినట్టు. అప్పుడు దాన్ని రిజిస్టరులో అంటించి, సంతకం చేసి, సామాను వదలాలి. తెల్లగానే వస్తే ఆ లోడులో ఒక్క సెట్ కూడా గది దాటకూడదు.

ఇదంతా నాకెలా తెలుసంటే, ఆ వారం ఆవిడ పాఠం అదే. సోమవారం నుంచీ ఫోన్లో నా చెవిలో పోరుతూనే ఉంది. "చెల్లీ, బయట టేపు అందరికీ నల్లబడుతుంది. చర్చికి వస్తాం, పాటలు పాడతాం. లోపలి పట్టీ సంగతేంటి? ఒక తెల్లది, ఒక నల్లది పట్టుకెళ్లి చూపిస్తాను. ఎలా ఉంటుందంటావ్?" అని. బాగానే ఉంటుంది, ముందు నా కూతురి కాన్పు కానీ అన్నాను.

మా అమ్మాయికి తొలి కాన్పు. పెద్దమ్మ ఉందన్న ధైర్యంతోనే ఆ ఆస్పత్రిలో చేర్చాం. శనివారం పొద్దున నొప్పులు మొదలై మధ్యాహ్నానికి ముదిరాయి. తలుపు అవతల అది అరుస్తుంటే ఇవతల నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అప్పుడు వరండా చివర్నుంచి మా అక్క దాదాపు పరుగులాంటి నడకతో వచ్చింది. గుండెలకి ఒక సెట్ హత్తుకుని ఉంది.

"ఇప్పుడే దించాను. ఇంకా వెచ్చగానే ఉంది, చూడు. అలమారాలో నాలుగు రోజుల నాటివి ఉన్నాయి. వాటిని ముందు వాడాలని రూలు. రూలుదేముంది, మన పిల్లకి తాజాది వాడమంటాను" అంది.

నేను ఆ మూటని తాకి చూశాను. నిజంగానే గోరువెచ్చగా ఉంది. పైన టేపు మీద నల్లటి గీతలు నిటారుగా, ముచ్చటగా ఉన్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. మనవాళ్లంటూ ఒకరుంటే ఇదీ సుఖం అనుకున్నాను. గంటలో ఆడపిల్ల పుట్టింది. అమ్మాయికి ఏడు కుట్లు పడ్డాయి.

మర్నాడు ఆదివారం. అల్లుణ్ణి అమ్మాయి దగ్గర కూర్చోబెట్టి, దేవుడికి స్తోత్రం చెప్పుకుని వద్దామని ఒక్క గంటకోసం చర్చికి వెళ్లాను. పాటలయ్యాక పాస్టరుగారు నవ్వుతూ మా అక్క వైపు చూశారు. ఆవిడ లేచి ముందుకు వెళ్లి, బైబిలు తెరిచి, పేజీల మధ్యనుంచి రెండు పట్టీలు తీసింది. తీసి వాటివైపు చూసింది.

ఎంతసేపు చూసిందో చెప్పలేను. నలుగురు దగ్గారు. ఎవరో పిల్ల కిసుక్కున నవ్వింది. అక్క మొహంలో రక్తం చుక్క లేదు. పట్టీలు రెండూ అటూ ఇటూ తిప్పి చూడడం మూడో వరస నుంచి నాకు కనిపించింది.

"ఈరోజు పాఠం లేదు. క్షమించండి" అని, ఎవరి వైపూ చూడకుండా నడవలోంచి బయటికి వెళ్లిపోయింది.

నేను వెనకాలే పరుగెత్తాను. ఆవిడ మెట్ల దగ్గర గోడకి చేరగిలబడి ఫోన్ తీస్తోంది.

"ఏమైందక్కా? కళ్లు తిరిగాయా?"

"రెండూ తెల్లగా ఉన్నాయి."

"ఏంటవి?"

"పట్టీలు. ఒకటి కొత్తది, పెట్టెలోంచి తీసింది. రెండోది నిన్న మధ్యాహ్నం మూడో లోడులోంచి తీసింది. అది నల్లగా ఉండాలి చెల్లీ."

"పొరపాటున రెండూ పెట్టెలోంచే తీశావేమో."

"అలా అయితే బాగుండునని నాకూ ఉంది. ఇదిగో, మడత చూడు. మూటలో పెట్టేటప్పుడు నడిమికి మడుస్తాం. కొత్తదానికి మడత ఉండదు."

మడత ఉంది. నా గోటితో తడిమి చూశాను.

"మరి రిజిస్టరులో ఏం అంటించావు?"

ఆవిడ కళ్లు మూసుకుంది. "సొరుగులో పాత పట్టీలు ఉంటాయి, కొత్తగా చేరినవాళ్లకి చూపించడానికి. రంగు వెలిసి గోధుమరంగుకి తిరిగినవి. అందులోది ఒకటి అంటించేశాను. చర్చిలో చూపించడానికి నిగనిగలాడేది కావాలని మూడో లోడుది బైబిల్లో పెట్టుకున్నాను. కాన్పుల వార్డు నుంచి అమ్మాయికి నొప్పులు ఎక్కువయ్యాయని కబురొచ్చింది. మూట విప్పి తీసి పేజీల మధ్య పెట్టేశాను, చూడలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తెల్లగా రాలేదు. చూడాలని కూడా తోచలేదు."

అప్పటికీ నాకు పూర్తిగా తలకెక్కలేదు. నాకు తలకెక్కిందల్లా ఆవిడ ఉద్యోగం. రిజిస్టరులో దొంగ పట్టీ అంటే మాటలా! ఆవిడ ఆస్పత్రి నంబరు నొక్కుతుంటే నా కుడిచెయ్యి చాచి ఆ ఫోన్ మీద మూతలా పెట్టాను.

"ఉండక్కా. తొందరపడకు. ఎవరు చూశారు? రిజిస్టరులో నల్లదే ఉంది కదా. రేపు పొద్దున్నే వెళ్లి ఆ సెట్లు మెల్లగా వెనక్కి తెప్పించి మళ్లీ ఉడికించు. ఒక్క రోజులో కొంపలేం మునిగిపోవు. పద్నాలుగు నెలలు పెట్టుకుని ముప్ఫై ఏళ్ల పేరు మట్టిలో కలుపుకుంటావా?"

చాలా తెలివిగా మాట్లాడాననుకున్నాను. ఇంట్లో అందరికంటే లోకజ్ఞానం నాకే ఎక్కువని నా నమ్మకం. ఆవిడ నా చెయ్యి తోసెయ్యలేదు. నా మొహంలోకి చూసింది, అంతే.

"చెల్లీ, నిన్న అమ్మాయికి తెచ్చిన సెట్ ఆ లోడులోదే."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. వెచ్చటి ఆ మూట నా అరచేతికి మళ్లీ తగిలినట్టయింది. ఫోన్ మీద ఉన్న చెయ్యి దానంతటదే లేచిపోయింది.

"మరి నిలబడ్డావేం? ఫోన్ చేసెయ్! ఇప్పుడే చెప్పెయ్!" అని అరిచాను. లోపల ఎవరో చదువుతున్న వాక్యం ఆగిపోయింది.

ఆవిడ డ్యూటీ సిస్టరుకి చెప్పిన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "రెండో మెషీను, నిన్న మూడో లోడు. ఆ నంబరున్న సెట్ ఏదీ విప్పొద్దు. అన్ని వార్డుల్లోంచీ వెనక్కి తెప్పించండి. తప్పు నాదే, వచ్చి చెబుతాను."

చర్చి నుంచి ఆస్పత్రికి పదినిమిషాల నడక. ఆరోజు అది ఎంతకీ తరగలేదు. దారిపొడుగునా నేను ఆవిణ్ణి ప్రశ్నలతో పొడుస్తూనే ఉన్నాను. ఏమవుతుంది, చీము పడుతుందా, జ్వరం వస్తుందా, ప్రాణం మీదికి వస్తుందా. ఆవిడ "ఏమీ కాకపోవచ్చు. కావచ్చు కూడా. నేను అబద్ధం చెప్పను" అంది. ఆ క్షణంలో నాకు అబద్ధమే కావాలి. ఏం కాదులే అని ఒక్క మాట అనొచ్చుగా అని ఏడ్చాను. ఆవిడ అనలేదు.

శుద్ధి గదిలో బల్లమీద సెట్లు వరసగా పెట్టి ఉన్నాయి. ఆ లోడులో మొత్తం పద్నాలుగు. ఒకటి మా అమ్మాయికి వాడేశారు. బల్లమీద పన్నెండే ఉన్నాయి.

"ఇంకొకటి ఏది?" అని అక్క అడిగింది.

డ్యూటీ సిస్టరు వార్డులన్నీ వెతికించానంది. అలమారాలు, ట్రాలీలు, డ్రెస్సింగు గది, ఎక్కడా లేదు. అక్క సెట్లు ఒక్కొక్కటే తిప్పి స్టిక్కర్ల మీది లోడు నంబర్లు మళ్లీ చదివింది. అంతలో తుడిచే ఆవిడ గుమ్మంలో నిలబడి, "పొద్దున క్యాజువాలిటీ వాళ్లు కాన్పుల వార్డు నుంచి ఒక కుట్ల సెట్ అప్పు తీసుకున్నారమ్మా, వాళ్లవి అయిపోయాయని" అంది.

మా అక్క వయసు యాభై తొమ్మిది. మోకాళ్ల నొప్పులు. ఆవిడ అలా పరుగెత్తగలదని నాకు ఆరోజే తెలిసింది.

క్యాజువాలిటీలో తెర వెనక మంచం మీద ఎనిమిదేళ్ల పిల్ల ఉంది. సైకిలు మీంచి పడి నుదురు చీరుకుపోయింది. తల్లి పిల్ల చేతులు పట్టుకుని ఉంది. డాక్టరు గ్లౌజులు తొడుక్కుంటున్నాడు. నర్సు టేపు కత్తిరించి, గుడ్డ మొదటి మడత విప్పేసింది.

"ఆపండి! డాక్టరుగారూ, ఆ సెట్ ముట్టుకోకండి" అంది అక్క తెర పట్టుకుని, ఆయాసంతో.

డాక్టరు కొత్తవాడిలా ఉన్నాడు. "ఎవరండీ మీరు?" అన్నాడు విసుగ్గా.

"శుద్ధి గది నాది. ఆ సెట్ శుద్ధి కాలేదు. నేను చూడకుండా వదిలేశాను."

అంతమందిలో అంది. నర్సు చేతులు గాల్లోనే ఆగిపోయాయి. తల్లి అటూ ఇటూ చూసింది. ఐదు రోజుల నాటి పాత సెట్ వేరే వార్డునుంచి తెచ్చేదాకా పావుగంట పట్టింది. ఆ పావుగంటా పిల్ల ఏడుస్తూనే ఉంది, తల్లి అందరినీ దులిపేస్తూనే ఉంది. నేను మూలన నిలబడి ఆ పిల్ల నుదురే చూస్తున్నాను. రేపు పొద్దున్నే వెళ్లి మెల్లగా తెప్పించు అన్నాను కదా నేను. రేపు పొద్దుటికి ఈ పిల్లకి కుట్లు పడి, ఇంటికి కూడా వెళ్లిపోయి ఉండేది.

కుట్లు అయ్యాక ఆ తల్లి చల్లబడి నా దగ్గరికి వచ్చింది. "మీరు కూడా ఇక్కడ పనిచేస్తారా అండీ?"

"లేదండీ. మా అమ్మాయి పైన ఉంది. నిన్న కాన్పయింది. దానికి ఇందులోదే వాడేశారు."

ఆవిడ నా రెండు చేతులూ పట్టేసుకుంది. "అయ్యో తల్లీ! ఏమీ కాదు. మీ అమ్మాయి చల్లగా ఉంటుంది. నేను ప్రార్థన చేసుకుంటానమ్మా" అంది. నాకు ఆ చేతుల్లోంచి నా చేతులు లాక్కోవాలనిపించింది. లాక్కోలేకపోయాను.

కాన్పు చేసిన డాక్టరమ్మ తనే మా అమ్మాయికి చెబుతానంటే అక్క వద్దంది. తనే వెళ్లి మంచం పక్కన కూర్చుని, పట్టీ దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది. సొరుగులోని పాత పట్టీ కూడా దాచలేదు. అమ్మాయి పసిపిల్లని గుండెలకి అదుముకుని వింది.

"నువ్వే కదా పెద్దమ్మా వెచ్చవెచ్చగా తెచ్చావ్" అంది చివరికి. తిట్టినట్టు లేదు, అర్థం కానట్టుంది. అక్క ఆ మాటకి తల వంచుకుంది.

మందులు మొదలుపెట్టారు. వారం రోజులు గమనించాలన్నారు. జ్వరం వచ్చినా, కుట్లు ఎర్రబడినా, నొప్పి పెరిగినా వెంటనే చెప్పమన్నారు. ఇక నా వారం ఎలా గడిచిందని చెప్పను! థర్మామీటరు గంటకోసారి పెట్టేదాన్ని. పిల్ల తుమ్మితే ఉలిక్కిపడేదాన్ని. అమ్మాయి నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తే, అది లేచి "అమ్మా, నన్ను జ్వరం చంపకపోయినా నువ్వు చంపేలా ఉన్నావ్" అని కసిరింది. నవ్వొచ్చే మాటే. నాకు నవ్వు రాలేదు.

అక్క రోజూ వచ్చేది. గదిలోకి రాకుండా వరండాలో బెంచీ మీద కూర్చునేది. నేను ఆవిడతో మాట్లాడలేదు. ఆవిణ్ణి గది బాధ్యత నుంచి తప్పించారని, గాయాలకి కట్టే గాజుగుడ్డలు మడతపెట్టే బల్లకి మార్చారని అల్లుడు చెప్పాడు. మేట్రన్‌గారు అడగకముందే దొంగ పట్టీ ఊడదీసి, ఆ చోట తెల్లది తన చేత్తోనే అంటించి, పక్కన ఏం జరిగిందో రాసి సంతకం చేసిందట. మెకానిక్ వచ్చి మెషీను విప్పితే అడుగున నీళ్లు పోయే జల్లెడ నిండా గుడ్డల నూగు, దారప్పోగులు ఉన్నాయట. అది మూసుకుపోయి లోపలి గాలి బయటికి పోలేదు, గాలి పోక ఆవిరి మూటల్లోకి రాలేదు. మామూలు వారమైతే ఈ ఒక్క ముక్క మీద అక్క పది నిమిషాలు చెప్పేది. ఆ వారం ఆవిడ నోరు మెదపలేదు.

మంగళవారం మధ్యాహ్నం జ్వరం వచ్చింది.

నూటరెండు. అమ్మాయి పళ్లు కొట్టుకుంటోంది, దుప్పటి కప్పినా వణుకు ఆగడం లేదు. సిస్టరుని పిలవడానికి గదిలోంచి బయటికి వచ్చానా, బెంచీ మీద మా అక్క లేచి నిలబడింది. నా అరికాలి మంట నెత్తికెక్కింది.

"జ్వరం వచ్చింది. తృప్తిగా ఉందా? నీ పాఠాలు తగలెయ్య! నలుగురిలో చూపించుకోవడానికి నిగనిగలాడే పట్టీ కావాల్సొచ్చిందా? అది చచ్చిపోతే అందులో ఏం పాఠం చెబుతావు?"

వరండా అంతా విన్నారు. "డాక్టరమ్మని పిలుచుకొస్తాను" అని అక్క మెట్ల వైపు వెళ్లింది. రైలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతుంటే ఆవిడ ఎంత చిక్కిపోయిందో కనిపించింది. అప్పుడు కూడా నాకు జాలి కలగలేదు. భయం ఉన్నచోట ఇంకేదీ పట్టలేదు.

డాక్టరమ్మ వచ్చి కుట్లు చూసింది. శుభ్రంగా ఉన్నాయంది. పొట్ట నొక్కి చూసింది. తర్వాత రొమ్ములు చూసి, "రాయిలా గట్టిపడ్డాయి కదమ్మా. పాలు పడుతున్నాయి. ఆ జ్వరమే ఇది. పిల్లకి పట్టించండి, మిగిలినవి పిండెయ్యండి. అయినా రక్తపరీక్ష చేద్దాం" అంది. పరీక్ష కాగితం వచ్చేదాకా నేను ఆ మాట నమ్మలేదు. సాయంత్రానికి పాలు దిగాయి, జ్వరమూ దిగింది. ముగ్గుర్ని కన్నదాన్ని, నాకూ మూడోరోజు వచ్చిన జ్వరమే అది. భయంలో నా ఒంటి సంగతే నేను మర్చిపోయాను.

వరండాలోకి వచ్చి చూస్తే బెంచీ ఖాళీగా ఉంది. ఆవిడకి ఫోన్ చేసి, "పాల జ్వరమేనట" అన్నాను. అవతల ముక్కు చీదుకున్న చప్పుడు. "సరే చెల్లీ" అంది. నేను తిట్టిన తిట్లకి క్షమాపణ అడగాలని నోటిదాకా వచ్చింది. ఇంకా నాలుగు రోజులుంది, ఏమవుతుందో అన్న దడతో ఆ మాట మింగేశాను.

శనివారం కుట్లు మానాయన్నారు. ఇంటికి వెళ్లిపోవచ్చన్నారు. డాక్టరమ్మ నాతో విడిగా, "మీ అదృష్టం. ఆవిడ ఆరోజే చెప్పబట్టి మందులు వెంటనే మొదలుపెట్టాం. చెప్పకపోయి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు" అంది. నేను తలూపాను. ఎవరికీ తెలిసేది కాదు. అదే మాట మెట్ల దగ్గర నేను ఎంత ధీమాగా అన్నానో నాకొక్కదానికే తెలుసు. కాదు, అక్కకీ తెలుసు. ఆవిడ మేట్రన్‌గారికి అంతా రాసిచ్చింది కానీ అందులో నా మాట ఒక్కటి కూడా రాయలేదు.

మర్నాడు చర్చికి వెళ్లాను. అక్క ఎప్పుడూ కూర్చునే మూడో వరసలో లేదు. ఆఖరి బెంచీలో గోడవారగా ఉంది. వెళ్లి పక్కన కూర్చున్నాను. జరిగి చోటిచ్చింది. పాటలయ్యాక పాస్టరుగారు అలవాటుగా ఆవిడ వైపు చూశారు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆయన అందరి వైపూ చూశారు. ఒకడు చెప్పులు సర్దుకున్నాడు, ఒకావిడ సంచీలో ఏదో వెతుక్కుంది. ఎవరూ లేవలేదు.

నేను లేచాను. పదకొండేళ్లలో మొదటిసారి. ఆస్పత్రిలో వారమంతా పడ్డ భయం ఒక ఎత్తు, అది ఒక ఎత్తు. ముందుకు నడిచే ధైర్యం లేక, ముందు బెంచీ పట్టుకుని అక్కడే నిలబడి మాట్లాడాను.

"పోయిన ఆదివారం మా అక్క బయటికి వెళ్లిపోవడం అందరూ చూశారు. ఆవిడ తప్పు మీ అందరికీ ఈపాటికి తెలిసే ఉంటుంది. నా తప్పు ఎవరికీ తెలీదు. ఆవిడ ఆస్పత్రికి ఫోన్ చెయ్యబోతుంటే నేను ఆ ఫోన్ మీద చెయ్యి పెట్టాను. చెప్పకు, ఎవరు చూశారు అన్నాను. ఆ సెట్లు ఎవరి పిల్లలకో అనుకున్నాను. వాటిలో ఒకటి నా పిల్లకే వాడారని తెలిశాక చెయ్యి తీశాను. కింద క్యాజువాలిటీలో ఇంకో తల్లి ఉంది. ఆవిడ పిల్ల పేరు కూడా నాకు తెలీదు. ఆవిడ నా కూతురికోసం ప్రార్థన చేస్తానంది."

ఇంకేదో అనాలి. ఇందులో దేవుడు నాకేం నేర్పాడో చెప్పాలి, అది కదా మా అలవాటు. అది చెప్పకుండానే కూర్చుండిపోయాను. పాస్టరుగారు ప్రసంగం మొదలుపెట్టారు.

అక్క నా కుడిచెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. ప్రసంగం అయ్యేదాకా వదల్లేదు.